రోగి లేని గదిలో మాట నేర్చుకోవడం: వైద్య సిమ్యులేషన్ శిక్షణ ఏం చేయగలదు, ఏం చేయలేదు

క్లుప్తంగా

ఆసుపత్రిలో అత్యవసర పరిస్థితి చేయి దాటిపోయిన సందర్భాలను వెనక్కి వెళ్లి పరిశీలిస్తే, చికిత్స తెలియకపోవడం కంటే, ఒకరికి తెలిసిన విషయం దాన్ని వినవలసిన మనిషికి సకాలంలో చేరకపోవడమే తరచుగా బయటపడుతుంది. ఆ లోటు పూడ్చడానికి బొమ్మ రోగులతో, కల్పిత సన్నివేశాలతో జట్టు మొత్తానికి సాధన చేయించే పద్ధతి 1990 ప్రాంతంలో వైద్యరంగంలోకి వచ్చింది. దాని ఫలితాలకు ఆధారాలు ఉన్నాయి. అవి అన్నిచోట్లా ఒకేలా లేవు. బొమ్మ ఖరీదు కంటే సాధన తర్వాత జరిగే చర్చ, ఆసుపత్రిలోని హోదాల అమరిక ఈ తేడాను ఎక్కువగా నిర్ణయిస్తాయి. తెలుగు రాష్ట్రాల ఆసుపత్రుల్లో ఈ సమస్యకు పిలుపుల రూపంలో, భాష రూపంలో మరో పొర ఉంది.

ఇరవై నిమిషాలు, ముగ్గురు నిపుణులు

2005 మార్చి 29న ఇంగ్లండ్‌లో ఎలేన్ బ్రొమిలీ అనే 37 ఏళ్ల మహిళ సైనస్ సమస్యకు ముందుగా తేదీ ఖరారు చేసుకున్న మామూలు శస్త్రచికిత్స కోసం ఆపరేషన్ థియేటర్‌లోకి వెళ్లారు. మత్తు ఇచ్చాక ఊపిరితిత్తుల్లోకి గాలి పంపడం సాధ్యపడలేదు. నిమిషాల వ్యవధిలోనే రక్తంలో ఆక్సిజన్ 75 శాతానికి, అక్కడి నుంచి 40 శాతానికి పడిపోయి దాదాపు ఇరవై నిమిషాలు కోలుకోలేదు. గదిలో ఇద్దరు అనస్థీషియా నిపుణులు, ఒక చెవి, ముక్కు, గొంతు సర్జన్ ఉన్నారు. ముగ్గురూ అనుభవజ్ఞులే. గొంతులోంచి గొట్టం వేయడానికి వాళ్లు పదేపదే ప్రయత్నించారు.

గొట్టమూ వేయలేక, మాస్కుతోనూ గాలి పంపలేక పోతే మెడ ముందు భాగం నుంచి శ్వాసనాళంలోకి నేరుగా దారి చేయాలని అప్పటికే మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ పని చేయగల సర్జన్ అక్కడే ఉన్నారు. ఒక నర్సు అలా మెడ నుంచి దారి చేసే (ట్రకియాస్టమీ) సామగ్రి తెచ్చి, సిద్ధంగా ఉందని చెప్పారు. స్పందన రాలేదు. మరో నర్సు ఐసీయూలో మంచం సిద్ధం చేయించి ఆ మాట డాక్టర్లకు చెప్పారు. తాను అతిగా కంగారు పడుతున్నట్టు వాళ్లు చూశారని అనిపించడంతో మళ్లీ ఫోన్ చేసి మంచం వద్దన్నారు. 13 రోజుల తర్వాత ఎలేన్ మరణించారు.

ఆమె భర్త మార్టిన్ బ్రొమిలీ విమాన పైలట్. విమానరంగంలో ప్రతి ప్రమాదానికీ జరిగే విచారణ ఇక్కడా జరుగుతుందని ఆయన అనుకున్నారు. ఫిర్యాదో దావానో ఉంటే తప్ప అలాంటి విచారణ మామూలుగా జరగదని తెలిశాక, దానికోసం పట్టుబట్టారు. ఆ వైద్యులను శిక్షించాలని ఆయన కోరలేదు. వాళ్లు ఈ అనుభవంతో తిరిగి పనిలో చేరడమే మంచిదన్నారు. వైద్యంలో మానవ ప్రవర్తనకు సంబంధించిన కారణాలను అధ్యయనం చేసే క్లినికల్ హ్యూమన్ ఫ్యాక్టర్స్ గ్రూప్‌ను 2007లో స్థాపించారు. సిమ్యులేషన్ శిక్షణలో ఈ ఘటనను ఇప్పటికీ పాఠంగా చెప్పడానికి కారణం, అందులో జ్ఞానం, నైపుణ్యం, సామగ్రి మూడూ ఒకే గదిలో ఉండి కూడా ఒకదానితో ఒకటి కలవకపోవడం.

చెప్పిన మాట ఎక్కడ ఆగిపోతుంది

తీవ్రమైన ఒత్తిడిలో మనిషి దృష్టి ఒకే పనికి అతుక్కుపోతుంది. మొదలుపెట్టిన ప్రయత్నం ఇంకొక్కసారి చేస్తే ఫలిస్తుందన్న ఆశ, గడిచిన సమయాన్ని తక్కువగా చూపిస్తుంది. గొట్టం వేస్తున్న వ్యక్తికి ఇరవై నిమిషాలు నాలుగైదు నిమిషాల్లా తోచవచ్చు. దీన్ని బయటి నుంచి గమనించగలిగేది ఆ పనిలో చేతులు పెట్టని వాళ్లు, అంటే చాలాసార్లు హోదాలో చిన్నవాళ్లు. వ్యవస్థలోని చిక్కుముడి ఇదే: ప్రమాదం ముందుగా కనిపించే చోట అధికారం ఉండదు, అధికారం ఉన్న చోట దృష్టి బందీ అయి ఉంటుంది.

చిన్నవాళ్లు మాట్లాడరని కాదు; మాట్లాడతారు, సూచనగా మాట్లాడతారు. ‘సామగ్రి ఇక్కడ ఉంది’ అనే వాక్యంలో సమాచారం ఉంది, అభ్యర్థన లేదు. ‘గొట్టం వేయడం ఆపి ఇప్పుడు మెడ నుంచి దారి చేద్దామా?’ అనే మాటకూ దానికీ దూరం చాలా ఉంది. మొదటి వాక్యం నిర్ణయాన్ని పూర్తిగా వినేవాడికి వదిలేస్తుంది, ఆ వినేవాడు అప్పటికే ఏమీ వినని స్థితిలో ఉన్నాడు. చెప్పినామె తాను చెప్పానని నిజాయితీగా నమ్ముతుంది, ఆయన తనకెవరూ చెప్పలేదని అంతే నిజాయితీగా నమ్ముతాడు.

నాయకత్వం తేలకపోవడం రెండో కారణం. సమాన హోదా ఉన్న నిపుణులు ముగ్గురు చేరితే భద్రత పెరగాలి. ‘ఇప్పుడు నిర్ణయం నాది’ అని ఎవరూ ప్రకటించనప్పుడు మాత్రం ప్రతి ఒక్కరూ మిగతా ఇద్దరూ ఆలోచిస్తున్నారని అనుకుంటారు.

ఇలాంటివి అరుదైన ఘటనలు కావు. అమెరికా ఆసుపత్రుల్లో వైద్యపరమైన పొరపాట్ల వల్ల ఏటా 44,000 నుంచి 98,000 మంది మరణిస్తున్నారని అక్కడి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 1999లో ఇచ్చిన నివేదిక అంచనా వేసింది. ఆ లెక్క కట్టిన పద్ధతి మీద వాదోపవాదాలు నడిచినా, సమస్యను వ్యక్తుల అజాగ్రత్త నుంచి వ్యవస్థ లోపం వైపు మళ్లించింది ఆ నివేదికే. అక్కడి ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ తన వద్దకు వచ్చిన తీవ్ర ఘటనలను విశ్లేషించినప్పుడు, సుమారు మూడింట రెండు వంతుల ఘటనల మూలకారణాల్లో సమాచార లోపం కనిపించింది.

కాక్‌పిట్ నుంచి థియేటర్‌కు

ఈ చిక్కుముడిని ముందుగా గుర్తించింది విమానరంగం, అదీ భారీ మూల్యం చెల్లించాక. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫ్ ద్వీపంలో పొగమంచు కమ్మిన రన్‌వే మీద రెండు జంబో విమానాలు ఢీకొని 583 మంది మరణించారు. ఎదుటి విమానం ఇంకా రన్‌వే మీదే ఉందేమోనన్న సందేహాన్ని ఫ్లైట్ ఇంజనీర్ వ్యక్తం చేశారు. సంస్థలోనే అత్యంత సీనియర్లలో ఒకరైన కెప్టెన్ దాన్ని తోసిపుచ్చి టేకాఫ్ కొనసాగించారు. మరుసటి ఏడాది డిసెంబర్ 28న అమెరికాలోని పోర్ట్‌లాండ్ వద్ద, చక్రాల సమస్యపైనే కెప్టెన్ దృష్టి నిలిచిపోవడంతో, సిబ్బంది ఇంధనం గురించి గుర్తుచేస్తున్నా, ఒక విమానం ఇంధనం అయిపోయి కూలింది. పది మంది మరణించారు. 1979లో నాసా నిర్వహించిన సదస్సు నుంచి పుట్టిన ‘క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్’ శిక్షణకు నేపథ్యం ఇలాంటి ప్రమాదాలే. కెప్టెన్‌కు వినడం, కింది సిబ్బందికి తడబడకుండా చెప్పడం అందులో ప్రధాన పాఠాలు.

వైద్యంలో అప్పటికే బొమ్మలు ఉన్నాయి. నార్వేలో బొమ్మలు తయారుచేసే ఆస్‌మండ్ లేర్డల్ 1960లో రూపొందించిన ‘రెససీ ఆన్’ మీద గుండె నొక్కడం, నోటితో ఊపిరి ఇవ్వడం ప్రపంచమంతా నేర్చుకుంది. ఆ బొమ్మ నేర్పింది చేతులకు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో అనస్థీషియా వైద్యుడు డేవిడ్ గాబా బృందం 1980ల చివరలో పూర్తిస్థాయి సిమ్యులేటర్ నిర్మించి, 1990 నాటికి విమాన సిబ్బంది శిక్షణను అనస్థీషియాకు మలిచింది. బొమ్మ చుట్టూ ఉన్న మనుషులు శిక్షణకు విషయం కావడం అక్కడ మొదలైంది.

ఈ పోలికకు హద్దులున్నాయి. ఇప్పటి కాక్‌పిట్‌లో ఇద్దరు, ఒకే సంస్థ ఉద్యోగులు, ఒకే రకం విద్య. ఆపరేషన్ థియేటర్‌లో సర్జన్, మత్తు డాక్టర్, నర్సు, టెక్నీషియన్ నాలుగు వేర్వేరు విద్యల నుంచి వస్తారు. పైలట్ నిర్ణీత కాలానికోసారి సిమ్యులేటర్ పరీక్ష నెగ్గకపోతే విమానం నడపలేడు. డాక్టర్లకు అలాంటి నిబంధన చాలా దేశాల్లో లేదు. వైద్యరంగం విమానరంగం నుంచి పద్ధతి అరువు తెచ్చుకుంది గానీ, దాని వెనకున్న నిర్బంధాన్ని తెచ్చుకోలేదు.

సన్నివేశం ఎలా నడుస్తుంది

కాన్పు తర్వాత రక్తస్రావం ఈ శిక్షణలో అన్నిచోట్లా కనిపించే సన్నివేశం. బిడ్డ పుట్టి కొన్ని నిమిషాలైంది, గర్భసంచి గట్టిపడలేదు, రక్తం ఆగడం లేదు. లేబర్ రూమ్‌లో ఒక పీజీ డాక్టర్, ఇద్దరు నర్సులు, ఒక ఆయా ఉన్నారు. చేయవలసినవి అందరికీ తెలుసు: సాయం పిలవాలి, గర్భసంచిని మర్దనా చేయాలి, గర్భసంచిని బిగించే ఆక్సిటోసిన్ ఇవ్వాలి, సెలైన్ పెట్టాలి, రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ ఆసిడ్ ఇవ్వాలి, రక్తం తెప్పించాలి. పుస్తకంలో ఇవి వరసగా ఉంటాయి, గదిలో ఒకేసారి జరగాలి. అంటే పని పంచుకోవాలి, పంచుకోవాలంటే మాట్లాడాలి.

‘ఎవరైనా ఆక్సిటోసిన్ ఇవ్వండి’ అన్న ఆదేశం గాలిలోకి వెళుతుంది. ఇద్దరూ ఇవ్వవచ్చు, ఎవరూ ఇవ్వకపోవచ్చు. శిక్షణలో నేర్పే రూపం వేరు: ‘సునీత సిస్టర్, ఆక్సిటోసిన్ పది యూనిట్లు కండరానికి ఇవ్వండి.’ ‘ఆక్సిటోసిన్ పది యూనిట్లు, కండరానికి, ఇస్తున్నాను.’ అర నిమిషం తర్వాత: ‘ఇచ్చేశాను, టైమ్ పది నలభై రెండు.’ పేరుతో పిలుపు, విన్నదాన్ని తిరిగి చెప్పడం, పూర్తయిందని తెలపడం అనే ఈ మూడు మెట్ల వలయంలో మందు పేరో మోతాదో తప్పుగా వినబడితే రెండో మెట్టు దగ్గరే దొరికిపోతుంది.

ఫోన్‌లో సమాచారం చెప్పడానికి ‘ఎస్‌బార్’ అనే క్రమం ఉంది: పరిస్థితి, నేపథ్యం, అంచనా, సూచన. దీని మూలాలు అమెరికా నౌకాదళపు జలాంతర్గాముల్లో ఉన్నాయి. 2000ల ఆరంభంలో కైజర్ పర్మనెంటే సంస్థ దీన్ని ఆసుపత్రులకు అనువుగా మార్చింది. అర్ధరాత్రి డ్యూటీ డాక్టర్‌కు వచ్చే ‘సార్, ఏడో బెడ్ పేషెంట్ కొంచెం డల్‌గా ఉంది’ అన్న ఫోన్‌లో మొదటి మెట్టు సగమే ఉంది. అదే ఫోన్‌లో బీపీ అంకె, ఆపరేషన్ అయి ఎన్ని గంటలైంది, లోపల రక్తస్రావం అని అనుమానం, ‘మీరు పది నిమిషాల్లో వచ్చి చూడాలి’ అన్న మాట ఉంటే వినేవాడికి నిద్రమత్తులో కూడా నిర్ణయం సులువవుతుంది. నాలుగింటిలో నర్సులకు అన్నిటికంటే కష్టమైనది చివరిది. డాక్టర్‌కు సూచన ఇవ్వడం తమ పని అని వాళ్లకు ఎవరూ నేర్పలేదు.

సూచనకు స్పందన రాకపోతే స్వరం పెంచే పద్ధతి కూడా అమెరికా రక్షణ శాఖ, ఆరోగ్య పరిశోధన సంస్థ కలిసి 2006లో విడుదల చేసిన టీమ్‌స్టెప్స్ కార్యక్రమంలో ఉంది. మొదట ‘నాకు ఆందోళనగా ఉంది’, తర్వాత ‘ఇది నాకు సరిగా అనిపించడం లేదు’, చివరగా ‘ఇది రోగి భద్రతకు సంబంధించిన విషయం, ఆగండి’. ఈ వాక్యాలు ముందుగా అందరికీ తెలిసి ఉండడంలోనే వాటి బలం ఉంది. అప్పుడు వాటిని పలికినవాళ్లు పొగరుబోతులుగా కాక, నియమం పాటిస్తున్నవాళ్లుగా వినబడతారు.

స్విట్జర్లాండ్‌లో వైద్య విద్యార్థులపై జరిగిన ఒక అధ్యయనం ఈ విషయంలో ఆసక్తికరమైనది. బొమ్మపై గుండెకు ప్రాణం పోసే సాధనలో ఒక వర్గానికి చేతుల స్థానం వంటి సాంకేతిక సూచనలు ఇచ్చారు, మరో వర్గానికి నాయకత్వం, పని పంపకం గురించి సూచనలు ఇచ్చారు. నాలుగు నెలల తర్వాత మళ్లీ పరీక్షిస్తే, నాయకత్వ సూచనలు అందుకున్న వర్గం గుండె నొక్కడం త్వరగా మొదలుపెట్టి, ఎక్కువసేపు విరామం లేకుండా కొనసాగించింది.

చర్చలో జరిగే అసలు పని

పదిహేను నిమిషాల సన్నివేశం ముగిశాక అరగంటో ముప్పావు గంటో కూర్చుని మాట్లాడుకుంటారు. దీన్నే డీబ్రీఫింగ్ అంటారు. సిమ్యులేషన్ నిపుణుల్లో ఎక్కువమంది దృష్టిలో నేర్చుకోవడం జరిగేది ఇక్కడే. సన్నివేశం చర్చకు ముడిసరుకు మాత్రమే.

ఈ చర్చను నడపడంలో రెండు సులువైన తప్పుదారులు ఉన్నాయి. ఒకటి మన వైద్య కళాశాలల వార్డు రౌండ్లలో సుపరిచితం: అందరి ముందు నిలబెట్టి తప్పులు ఏరడం. రెండోది పైకి మర్యాదగా కనిపించేది: తప్పు కనిపించినా నొప్పించకూడదని ‘బాగా చేశారు’ అని ముగించడం. మొదటి దారిలో శిక్షణార్థి తనను తాను కాపాడుకోవడం నేర్చుకుంటాడు, రెండో దారిలో ఏమీ నేర్చుకోడు. 1993లో బోస్టన్‌లో ఏర్పడిన సెంటర్ ఫర్ మెడికల్ సిమ్యులేషన్ బోధకులు వీటికి మధ్యేమార్గం ప్రతిపాదించారు. బోధకుడు తాను చూసినది చెప్పాలి, దాని గురించి తన అభిప్రాయం దాచకుండా చెప్పాలి, ఆపై అవతలివారి మనసులో ఏముందో నిజమైన కుతూహలంతో అడగాలి.

ఉదాహరణకు: ‘రక్తం తెప్పించమని మీరు చెప్పేసరికి ఎనిమిది నిమిషాలైంది. అది ఆలస్యమని నాకనిపించింది. ఆ సమయంలో మీరు దేని గురించి ఆలోచిస్తున్నారు?’ దీనికి ‘నష్టం అంత ఉందని అనుకోలేదు’ అని జవాబొస్తే రక్తనష్టాన్ని అంచనా కట్టడం నేర్పాలి. ‘మేడమ్‌ను అడగకుండా బ్లడ్ బ్యాంక్‌కు ఫోన్ చేస్తే తిడతారని ఆగాను’ అని వస్తే లోపం ఆ విద్యార్థిలో లేదు, విభాగంలో ఉంది. పైకి ఒకేలా కనిపించే ఆలస్యానికి రెండు వేర్వేరు మందులు కావాలి. ప్రశ్న అడగని బోధకుడు రెండింటికీ ఒకటే మందు వేస్తాడు.

అలాంటి జవాబు నిజంగా రావాలంటే గదిలో భయం ఉండకూడదు. హార్వర్డ్ పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్సన్ 1990లలో ఆసుపత్రి వార్డుల్లో మందుల పొరపాట్లను అధ్యయనం చేసినప్పుడు, మంచి జట్లలో పొరపాట్లు తక్కువగా నమోదవుతాయని ఆశిస్తే, ఎక్కువగా నమోదయ్యాయి. ఆ జట్లు ఎక్కువ తప్పులు చేయడం దానికి కారణం కాకపోవచ్చని, చేసిన తప్పులను బయటకు చెప్పగలగడం కావచ్చని ఆమె వాదించారు. అందుకే సన్నివేశంలో చూపిన పనితీరును మార్కులకు, పదోన్నతులకు ముడిపెట్టకూడదని శిక్షణ కేంద్రాలు ముందుగానే మాట ఇస్తాయి. ఆ మాట ఒక్కసారి తప్పితే ఆ విభాగంలో తర్వాతి డీబ్రీఫింగ్‌లన్నీ మౌనవ్రతాలే.

బొమ్మ ఎంత నిజంగా ఉండాలి

ఊపిరి పీల్చే, కనుపాపలు చిన్నవయ్యే, నాడి కొట్టుకునే బొమ్మలు చాలా ఖరీదు. సిమ్యులేషన్ అంటే ఆ బొమ్మే అన్న అభిప్రాయం కళాశాలల కొనుగోలు కమిటీల్లో బలంగా ఉంది. పరిశోధన దాన్ని అంతగా సమర్థించదు. ఖరీదైన, చవకైన సిమ్యులేటర్లను పోల్చిన అధ్యయనాలను సమీక్షిస్తూ 2012లో వచ్చిన ఒక వ్యాసం, రెండింటి ద్వారా అబ్బే నైపుణ్యాల మధ్య తేడా స్వల్పమేనని తేల్చింది. సూది ఎక్కించడం వంటి పనికి చర్మం నిజంలా ఉండాలి. జట్టు సంభాషణకు మాత్రం నిజంలా ఉండవలసింది ఒత్తిడి, సమయం, మనుషులు.

ప్రాంటో ఇంటర్నేషనల్ సంస్థ మెక్సికోలో మొదలుపెట్టిన పద్ధతి దీనికి మంచి ఉదాహరణ. థియేటర్ పైజామాను కుట్టి మార్చి, అందులోంచి బొమ్మ బిడ్డ, కృత్రిమ రక్తం వచ్చేలా చేసి, దాన్ని ఒక మనిషికి తొడుగుతారు. రోగి పాత్రలో మనిషే ఉండడం వల్ల ఆమె అరుస్తుంది, భయపడుతుంది, ‘నాకేమవుతోంది?’ అని అడుగుతుంది. లక్షల ఖరీదు చేసే బొమ్మ అంత సహజంగా అడగలేని ప్రశ్న అది. బిహార్‌లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల నర్సులకు వాళ్ల కేంద్రాల్లోనే శిక్షణ ఇచ్చిన కార్యక్రమంలో ఈ పద్ధతిని వాడారు.

లెక్కలు ఏం చెబుతున్నాయి

ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ నగరంలో సౌత్‌మీడ్ ఆసుపత్రి 2000లో ప్రసూతి విభాగం సిబ్బందికి ఏటా ఉమ్మడి శిక్షణ తప్పనిసరి చేసింది. పుట్టిన ఐదు నిమిషాలకు ఆప్గార్ స్కోరు (ఊపిరి, గుండె వేగం వంటివి చూసి శిశువు స్థితికి వేసే అంకె) తక్కువగా ఉన్న శిశువులు ప్రతి 10,000 మందికి 86.6 నుంచి 44.6కు తగ్గారు. ఆక్సిజన్ అందక మెదడు దెబ్బతిన్న కేసులు 27.3 నుంచి 13.6కు తగ్గాయి. కాన్పులో బిడ్డ భుజం ఇరుక్కున్నప్పుడు శిశువుకు గాయమయ్యే శాతం 9.3 నుంచి 2.3కు పడిపోయింది.

అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల వ్యవస్థలో ఆపరేషన్ థియేటర్ సిబ్బందికి జట్టు శిక్షణ ఇచ్చిన 74 ఆసుపత్రుల్లో శస్త్రచికిత్స మరణాలు 18 శాతం తగ్గాయని, అప్పటికి శిక్షణ పొందని 34 ఆసుపత్రుల్లో తగ్గుదల 7 శాతమేనని 2010లో ప్రచురితమైన అధ్యయనం చూపింది. డ్యూటీ మారేటప్పుడు రోగి వివరాలు అప్పగించే తీరును తొమ్మిది పిల్లల వైద్య శిక్షణ కేంద్రాల్లో సరిదిద్దితే పొరపాట్లు 23 శాతం తగ్గాయని 2014లో మరో అధ్యయనం తెలిపింది.

వ్యతిరేక ఫలితాలనూ అంతే శ్రద్ధగా చూడాలి. బ్రిస్టల్ కార్యక్రమాన్నే స్కాట్లాండ్‌లో 12 ప్రసూతి విభాగాలకు విస్తరించి పరీక్షిస్తే, శిశువుల ఆప్గార్ స్కోరులో మొత్తం మీద మెరుగుదల కనబడలేదు. ఆపరేషన్ వేళ జట్టు పైకి చదివి సరిచూసుకునే ప్రపంచ ఆరోగ్య సంస్థ శస్త్రచికిత్స చెక్‌లిస్టుకూ ఇలాగే జరిగింది. ఢిల్లీ సహా ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో జరిపిన తొలి అధ్యయనంలో మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గినట్టు 2009లో తేలింది. కెనడాలోని ఒంటారియో రాష్ట్రం 101 ఆసుపత్రుల్లో దాన్ని అమలు చేశాక చెప్పుకోదగ్గ తేడా లేదని 2014లో వెల్లడైంది.

ఈ వైరుధ్యానికి వివరణ అమలు తీరులో వెతకడం సబబు. సౌత్‌మీడ్‌లో శిక్షణ బయటి నుంచి వచ్చిన ఆదేశం కాదు, ఆ విభాగం సొంతంగా కట్టుకున్నది. అక్కడి సిబ్బందే బోధకులు, సీనియర్ డాక్టరైన కన్సల్టెంట్ నుంచి కాన్పులు చేసే మిడ్‌వైఫ్ వరకు అందరూ ఒకే గదిలో కూర్చున్నారు, ఏటా కూర్చున్నారు. చెక్‌లిస్టును ఆదేశం ద్వారా పంపించవచ్చు. దాన్ని చదివేటప్పుడు సర్జన్ చేతిలో పని ఆపి వినే అలవాటును ఆదేశం ద్వారా పంపించలేరు. టిక్కులు మాత్రం రెండుచోట్లా నిండుగానే పడతాయి.

మన ఆసుపత్రుల్లో అదనపు పొర

తెలుగు రాష్ట్రాల ఆసుపత్రుల్లో పిలుపులోనే హోదా ఉంటుంది. పైవాళ్లందరూ ‘సార్’, ‘మేడమ్’; నర్సులందరూ ‘సిస్టర్’; ఆయాకూ వార్డ్ బాయ్‌కూ పేరైనా దక్కుతుందో లేదో. గదిలో ముగ్గురు సిస్టర్లు ఉన్నప్పుడు ‘సిస్టర్, అడ్రినలిన్!’ అన్న కేక ముగ్గురికీ తగులుతుంది, ఒక్కరికీ చేరదు. ‘సార్, ఒకసారి చూస్తారా?’ అన్నది మన మర్యాదలో చక్కని వాక్యం, అత్యవసర పరిస్థితిలో పనికిరాని వాక్యం. విదేశీ పాఠ్యక్రమంలోని వాక్యాలను యథాతథంగా అనువదిస్తే అవి నాలుకకు ఎక్కవు. ‘సార్’ అన్న గౌరవం అలాగే ఉంచి, ‘సార్, ఆగండి, బీపీ అరవై’ అనేంత సూటిదనం అలవాటు చేయడం ఇక్కడి శిక్షణ రూపొందించేవాళ్ల ముందున్న పని.

భాష ఇంకో పక్క. కేసు షీటు ఇంగ్లిష్‌లో ఉంటుంది, సంభాషణ తెలుగులోనో ఉర్దూలోనో ఉంటుంది, నర్సుల్లో మలయాళం మాతృభాషగా ఉన్నవాళ్లూ ఉంటారు. ఫిఫ్టీన్, ఫిఫ్టీ వంటి అంకెలు హడావుడిలో తారుమారవుతాయి. తిరిగి చెప్పించుకోవడం అనే చిన్న నియమం ఇలాంటి చోట ఒకే భాష మాట్లాడే బ్రిస్టల్‌లో కంటే ఎక్కువ పని చేయాలి.

2019లో మొదలైన సామర్థ్య ఆధారిత ఎంబీబీఎస్ పాఠ్యక్రమంలో ప్రవర్తన, నైతికత, సంభాషణలకు ‘ఎట్‌కామ్’ పేరుతో ప్రత్యేక భాగం ఉంది. ప్రతి వైద్య కళాశాలకూ స్కిల్స్ ల్యాబ్ తప్పనిసరి. భారత నర్సింగ్ మండలి సవరించిన బీఎస్సీ నర్సింగ్ పాఠ్యక్రమంలోనూ సిమ్యులేషన్‌కు గంటలు కేటాయించారు. అయితే ఎట్‌కామ్‌లో సంభాషణ అంటే ప్రధానంగా రోగితో, బంధువులతో మాట్లాడడం. డాక్టర్ ఒక ల్యాబ్‌లో, నర్సు మరో ల్యాబ్‌లో వేరువేరుగా నేర్చుకుని, మొదటిసారి కలుసుకునేది నిజమైన రోగి మంచం పక్కన. విదేశాలకు వెళ్లే మన డాక్టర్లు ఈ తేడాను అక్కడి పరీక్షల్లోనే గమనిస్తారు. బ్రిటన్‌లో పని చేయడానికి రాసే ప్లాబ్ రెండో భాగం మాంచెస్టర్‌లో, రోగుల పాత్ర పోషించే నటులతో, కల్పిత సన్నివేశాల్లోనే జరుగుతుంది.

అనువైన పునాదులు ఇక్కడ లేకపోలేదు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 సేవల్లో అంబులెన్స్ సిబ్బంది రోగిని క్యాజువాల్టీకి అప్పగించే క్షణం ప్రతిరోజూ వందలసార్లు జరుగుతుంది. స్ట్రెచర్ మారుస్తుండగా, నలుగురు ఒకేసారి మాట్లాడుతుండగా జరిగే ఆ అప్పగింతకు ముప్పై సెకన్ల క్రమం నేర్పడానికి బొమ్మ కూడా అక్కర్లేదు. 2017లో తెలంగాణ ప్రభుత్వం యూనిసెఫ్, హైదరాబాద్‌కు చెందిన ఫెర్నాండెజ్ సంస్థల తోడ్పాటుతో నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ ప్రారంభించింది. కాన్పు గదిలో నిర్ణయాధికారం ఉన్న నర్సు ఉంటే డాక్టర్‌తో ఆమె మాట తీరు మారక తప్పదు. ఉమ్మడి సాధనకు అంతకంటే మంచి సందర్భం తేలిగ్గా దొరకదు.

అడ్డంకులు కూడా స్పష్టమే. ఒక నర్సు ఒకే షిఫ్టులో పదుల సంఖ్యలో రోగులను చూసే వార్డులో జట్టు మొత్తాన్ని గంటసేపు పక్కకు తీయడం బొమ్మ కొనడం కంటే ఖరీదైన పని. హౌస్ సర్జన్లు, పీజీలు కొన్ని వారాలకు, నెలలకు విభాగాలు మారుతుంటారు కాబట్టి శిక్షణ పొందిన జట్టు అనేది నిలకడగా ఉండదు. సీనియర్లు రాకుండా జూనియర్లకు మాత్రమే ‘ధైర్యంగా చెప్పడం’ నేర్పితే, ఆ ధైర్యానికి మొదటి దెబ్బ మరుసటి రోజు వార్డులోనే తగులుతుంది.

అందుకే ల్యాబ్‌కు వెళ్లకుండా, పనిచేసే చోటే, డ్యూటీలో ఉన్న జట్టుతోనే పది నిమిషాల సాధన చేయించే పద్ధతికి ఆదరణ పెరుగుతోంది. దానికో అదనపు లాభం ఉంది. ల్యాబ్‌లో ప్రతి వస్తువూ చేతికందేలా సర్ది ఉంటుంది. రాత్రి రెండు గంటలకు అసలు లేబర్ రూమ్‌లో సాధన మొదలుపెడితే, ఆక్సిటోసిన్ ఉన్న ఫ్రిజ్ తాళం ఎవరి దగ్గర ఉంది, బ్లడ్ బ్యాంక్ నంబరు గోడ మీద ఉన్నది ఇప్పటికీ పనిచేస్తోందా, రక్తం కోసం పరుగెత్తవలసిన మనిషి ఆ సమయంలో ఏ అంతస్తులో ఉంటాడు అనేవి ఆ పది నిమిషాల్లోనే బయటపడతాయి.